పోస్టరు వెనుక బోర్డు

"ఆ తాళంచెవి ఇస్తవా, ఇయ్యవా?"

సుధాకర్ మొదట మంచం మీద నుంచి అడిగాడు. తరువాత వాకిట్లో నిలబడి అడిగాడు. ఇప్పుడు వంటింటి గడప దాటి లోపలికే వచ్చి అడిగాడు. ఆయన వంటింట్లోకి రావడం కాపురానికొచ్చిన కొత్తలో చూసిందే తప్ప లక్ష్మీకాంతమ్మ మళ్ళీ చూడలేదు.

పెనం మీద జొన్నరొట్టెను తిప్పి, నిమ్మళంగా చెప్పింది.

"ఇయ్య."

"కాలేజి నాది. అర్ర నాది. కట్టుకున్న పెండ్లానివి నువ్వు. మరి నా అర్ర తాళంచెవి నీ కొంగుకెందుకున్నదే?"

"అర్ర మీదే. కాని తలుపు మీద బోర్డు ఉన్నది. దాని మీద ఏం రాసున్నదో ఎన్నడన్న సదివిన్రా?"

సుధాకర్ చదవకేం? రాయించిందే ఆయన. కాలేజీకి అనుమతి కోసం యూనివర్సిటీ వాళ్ళు చూడడానికి వస్తున్నారంటే ముందురోజు పెయింటరును పిలిపించి 'విద్యార్థి సలహా కేంద్రం' అని రాయించాడు. వాళ్ళు వచ్చారు, చూశారు, వెళ్ళారు. ఆ మర్నాడే బోర్డు మీద కీసర ప్లాట్ల రంగుల పోస్టరు అతికింది. గదిలోకి లేఅవుటు మ్యాపులు వచ్చాయి. గౌరయ్య స్మారక బి.ఎడ్. కళాశాలలో అది అందరికీ ప్లాట్ల గది.

లక్ష్మీకాంతమ్మ కూడా అలాగే అనుకుంది. పిల్లలిద్దరూ హాస్టళ్ళకు పోయాక, తన పట్టుదల కొద్దీ మొగుడి కాలేజీలోనే బి.ఎడ్.లో చేరిన మనిషి ఆమె. రోజూ ఆ తలుపు ముందు నుంచే క్లాసుకు నడిచింది. మొన్నటి గాలిదుమారానికి పోస్టరు చిరిగి వేలాడితే, వెనకాల అక్షరాలు కనబడ్డాయి. క్లాసులో అడిగితే ఒక్కరికీ తెలియదు. నిన్న సుధాకర్ రిజిస్ట్రేషన్ పని మీద మేడ్చల్ పోగానే, అటెండరు మల్లేశాన్ని తోడు పెట్టుకుని మ్యాపులన్నీ వరండాలోకి మోయించి తాళం వేసింది.

"ప్లాట్లు కొనెటి పార్టీలు వస్తున్నరు ఇయ్యాల," అన్నాడు సుధాకర్, పళ్ళు బిగించి. "సికింద్రాబాద్ నుంచి. రెండు కార్లల్ల. వాళ్ళను యాడ కూసోవెట్టాలె? చెట్టు కిందనా?"

"ఇయ్యాలనే లిఖిత వాళ్ళ అమ్మానాయినలు గూడ వస్తున్నరు. పిల్లను కాలేజి మాన్పిచ్చి తీస్కపోతరంట. ఆ పిల్లను గా అర్రల కూసోవెట్టాలె."

"మాన్పిస్తే మాన్పియ్యనీ! గాజులరామారం పిల్ల మానుకుంటే నీకేం బాధ?"

"నా పక్కన కూసునే పిల్ల. పాఠం జెప్పవోతే గొంతు పట్టుకున్నది. బడిపిల్లలు నవ్విన్రు. గంతే, ఆనాడు పోయిన పిల్ల మళ్ళ మొకం సూపలే. పరీక్షోళ్ళ ముందట బడిల ఫైనల్ లెసన్ చెప్పకుంటే ఏడాదంత మన్నుల వోయినట్టే."

"ఇగ సాలు." సుధాకర్ చెయ్యెత్తాడు, కొట్టడానికి కాదు, మాట ఆపమని. "నిన్ను ఎందుకు చేర్పిచ్చిన? సుధాకర్ పెండ్లం గూడ సదువుతున్నదని నలుగురు అనుకోవాలని. నువ్వేదో నిజంగనే పంతులమ్మవైతవని కాదు. ఇయ్యాల్టి సంది కాలేజికి పోవుడు బంద్."

రొట్టె మాడు వాసన వచ్చింది. లక్ష్మీకాంతమ్మ చూసుకోలేదు.

తన ముచ్చట తెలిసే చేర్పించాడనుకుంది ఇన్నాళ్ళు. ఆ ఒక్క సంగతి తలుచుకునే ఆయన కోపాలెన్నో మింగింది. ఇప్పుడు తాళంచెవి ఉన్న కొంగు ముడి ఇంకా గట్టిగా బిగించింది.

వాకిట్లో నులకమంచం మీద నుంచి బుచ్చవ్వ గొంతు వినబడింది. సుధాకర్ తల్లి. చెవులు మందమంటుంది గానీ, వినవలసినవన్నీ వింటుంది.

"ఓ కాంతమ్మా! గా అర్రల ఏం జేస్తరే?"

"మాట్లాడుతరు అత్తమ్మా. మనసుల ఏదన్న బాధున్నోళ్ళు చెప్పుకుంటరు. ఇనెటోళ్ళు ఇంటరు."

"గంతేనా? గంత దానికి అర్రెందుకే? అరుగు సాలదా?"

"అరుగు మీద చెప్తే ఊరంత ఇంటది అత్తమ్మా."

బుచ్చవ్వ మంచం మీద లేచి కూర్చుంది. తరువాత కొడుకు వైపు మెడ తిప్పింది.

"కాలేజికి మీ నాయిన పేరు వెట్టినవ్ గద బిడ్డా. మీ నాయిన బతికున్నన్నాళ్ళు ఎవడు ఏడ్సుకుంట వచ్చినా ముందు కూసోవెట్టి ఇనెటోడు. తీర్పు తర్వాత. ఆయన పేరు మీద గింత ఇనెతందుకు ఓ అర్ర గూడ ఇయ్యవా?"

సుధాకర్ తల్లిని చూశాడు. పెళ్ళాన్ని చూశాడు. విసురుగా చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. జీపు వాకిలి దాటిన దుమ్ము అణగకముందే లక్ష్మీకాంతమ్మ మాడిన రొట్టె పక్కనపెట్టి, మంచి రొట్టెలు రెండు డబ్బాలో పెట్టుకుని, సెవెన్ సీటర్ ఆటో ఎక్కింది.

*

మేడ్చల్ దారిలో కాలేజీ ముందు దిగేసరికి గది తలుపు దగ్గర బాలాత్రిపురసుందరి నిలబడి ఉంది. సైకాలజీ చెప్పే లెక్చరరు. కౌన్సిలింగ్‌లో ప్రత్యేకంగా శిక్షణ పొంది వచ్చిన మనిషి. ఆవిడ చేత ఈ కాలేజీ చేయించుకున్న పని హాజరు పట్టీలు పూర్తిచేయడం.

"రెండేళ్ళ నుంచి కాగితాల మీద ఈ కేంద్రానికి నేనే ఇన్‌ఛార్జిని లక్ష్మీకాంతమ్మ గారూ. ఒక్కరు రాలేదు. ఉందని తెలిస్తే కదా రావడానికి! కానీ..." ఆవిడ గొంతు తగ్గించింది. "మీవారికి, కరస్పాండెంటు గారికి, కోపమొస్తే నా ఉద్యోగం ఉంటుందా?"

"మీ ఉద్యోగం వోతే నా సదువు గూడ వోతది మేడమ్. ఇద్దరం గల్సి ఇంకో కాలేజి సూసుకుందాం."

ఆవిడకు నవ్వు ఆగలేదు. లక్ష్మీకాంతమ్మ తాళం తీసింది. లోపల ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు మ్యాపుల మేకులు కొట్టిన బెజ్జాలు.

అప్పటికే వరండాలో పిల్లలు మూగారు. శ్రీలేఖ అనే పిల్ల బోర్డును ఎగాదిగా చూసింది.

"గిది కౌన్సిలింగ్ అర్రంట గద. కౌన్సిలింగంటే సీటు కోసం పోతమే, గదే కదక్కా? మనకు సీటొచ్చే గద, మళ్ళెందుకు?"

"సీటు ఇచ్చేది కాదు బిడ్డా. సీట్ల కూసున్నంక వచ్చే పరేషాన్‌కు ఇది."

"అంటే పిచ్చోళ్ళకా?" వెనక నుంచి ఎవరో అన్నారు. గొల్లున నవ్వారు.

ఆ నవ్వు మధ్యలోకే లిఖిత వచ్చింది. తండ్రి వెంకటేశ్వరరావు ముందు, తల్లి శేషారత్నం వెనుక, నడుమ తల వంచుకుని ఆ పిల్ల. నవ్వు తన మీదేననుకుందో ఏమో, మెట్ల దగ్గరే ఆగిపోయింది. పది రోజుల్లో మనిషి సగమైంది.

వెంకటేశ్వరరావు జీడిమెట్లలో ఒక కంపెనీలో సూపర్‌వైజరు. మర్యాదగా నమస్కారం పెట్టాడు.

"సర్టిఫికెట్లు తీసుకెళ్దామని వచ్చామండీ. గొంతే పెగలని పిల్ల టీచరెలా అవుతుంది చెప్పండి? ఆశపడ్డాం, అయిపోయింది."

"తీస్కపోదురు గాని అన్నా. అంతకుముందు పిల్లను ఒక్కసారి మా మేడమ్‌తోని మాట్లాడనియ్యిండ్రి. గీ అర్రల. గింతసేపు."

శేషారత్నం బోర్డు చదివింది. చప్పున కూతురి చెయ్యి పట్టుకుంది.

"వద్దండీ! మా పిల్లకి పిచ్చేమీ లేదు. రేపు నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారు? పద లిఖితా."

వరండాలో నవ్విన పిల్లలు తలలు దించుకున్నారు. లిఖిత తల్లి లాగిన వైపే ఒక అడుగు వేసింది.

లక్ష్మీకాంతమ్మ టిఫిన్ డబ్బా తెచ్చి శేషారత్నం చేతిలో పెట్టింది.

"ఇది జర పట్టు వదినా. ముందు నేను పోతున్న లోపలికి. సుధాకర్ పెండ్లానికి పిచ్చి లేసిందని ఎవరన్న అనుకుంటే అనుకోనీ. నేను బయటికొచ్చినంక నన్ను జూసి, అప్పుడు నీ బిడ్డను తోలాల్నో వద్దో నువ్వే జెప్పు."

అందరూ చూస్తుండగా బాలాత్రిపురసుందరిని వెంటబెట్టుకుని లోపలికి నడిచి తలుపు వేసుకుంది.

కుర్చీలో కూర్చున్నాక ఆమెకే నవ్వొచ్చింది. "ఏం లేదు మేడమ్. బయటోళ్ళకు ధైర్యం రావాలని వచ్చిన. గింతసేపు కూసోని పోత."

"కూర్చోండి. ఎలాగూ వచ్చారు కదా. పొద్దున ఇంట్లో ఏమైంది?"

అంతే. ఆవిడ అడిగింది ఆ ఒక్క మాటే. లక్ష్మీకాంతమ్మ చెప్పడం మొదలుపెట్టింది. నలుగురు అనుకోవాలనే చేర్పించానన్న మొగుడి మాట చెప్పింది. చెప్తూ చెప్తూ, ఎవరికీ చెప్పనిది కూడా చెప్పేసింది. తెలుగు మెథడ్ క్లాసులో మాదిరి పాఠం చెప్తూ 'సల్లటి గాలి' అన్నదట. మీ భాష బడికి పనికిరాదమ్మా అని లెక్చరరు అందరి ముందు అన్నాడట. అప్పటి నుంచి ఇంట్లో తలుపేసుకుని 'చల్లటి, చల్లటి' అని అనుకుంటోందట, కూతురి వయసు పిల్లల ముందు మళ్ళీ నోరు జారకుండా.

"నాకు గూడ భయమే మేడమ్. లిఖితకు గొంతు పట్టుకున్నది. నాకు ఇంక పట్టుకోలే, గంతే తేడా."

బాలాత్రిపురసుందరి ఓదార్చలేదు, ఉపదేశం చేయలేదు. ఇంకో ప్రశ్న అడిగింది.

"మీరు పాఠం చెప్పబోయే పిల్లలు ఇంట్లో ఏమంటారు?"

"సల్లగనే అంటరు."

"మరి వాళ్ళకు మీరు పరాయివాళ్ళెలా అవుతారు? పుస్తకంలో మాట వాళ్ళకు నేర్పండి. వాళ్ళ మాట మీకు వచ్చు కాబట్టి మీకే బాగా నేర్పడం వస్తుంది."

లక్ష్మీకాంతమ్మ కళ్ళు తుడుచుకుంది. ఎన్ని నెలలుగానో గుండెల మీద కూర్చున్న బండను ఎవరో ఒక పక్కకు జరిపినట్టైంది.

తలుపు తీసుకుని బయటికొచ్చేసరికి అందరి చూపూ ఆమె ముఖం మీదే. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ముఖం మాత్రం కడిగిన అద్దంలా ఉంది.

"ఏడ్సినవా అక్కా?" అంది శ్రీలేఖ, భయంగా.

"మస్తు ఏడ్సిన. ఎంత పానం నిమ్మళమైందో!"

లిఖిత తల్లి చేతిలోంచి తన చెయ్యి మెల్లగా తీసుకుంది. ఎవరి ముఖమూ చూడకుండా, ఎవరినీ అడగకుండా లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది.

*

అరగంటైనా కాకముందే జీపు వచ్చింది. వెనకాల రెండు కార్లు. సుధాకర్ మెట్లెక్కేసరికి వరండా నిండా పిల్లలు, తలుపుకు అడ్డంగా పెళ్ళాం.

ప్రిన్సిపాల్ సిద్దిరాములు చెమట తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. "సార్, నేను చెప్పిన సార్... వినలే సార్..."

"తలుపు తీయించుండ్రి."

"లోపల పిల్ల మాట్లాడుతున్నది," అంది లక్ష్మీకాంతమ్మ. "నడుమ తియ్యొద్దు."

"జరుగు."

"జరగ."

ఇద్దరూ గొంతు పెంచలేదు. అయినా ఆ రెండు మాటలు గేటు దాకా వినబడ్డట్టే ఉంది. కార్లలోంచి దిగిన వాళ్ళలో ఒక పెద్దాయన, ఆయన భార్య మెట్ల దగ్గరికి వచ్చారు.

"ఏంటండీ ఇక్కడ, ఇంతమంది ఉన్నారు?"

సిద్దిరాములు నోరు తెరిచేలోగా, అప్పుడే లక్ష్మీకాంతమ్మ దగ్గర తెలుసుకున్న శ్రీలేఖ చెప్పేసింది. "సలహా కేంద్రం సార్. చదువులో గాని, ఇంట్లో గాని కష్టముంటే మేడమ్‌కు చెప్పుకుంటం. మేడమ్ ఎవ్వరికీ చెప్పదు."

పెద్దాయన భార్య బోర్డు వైపు చూస్తూ ఉండిపోయింది. "కాలేజీల్లో ఇలాంటివి కూడా ఉంటాయా? మా వాడు చదివినచోట ఇలాంటి గది ఒకటుంటే..." అని, మిగతా మాట చీర చెంగులో అణచుకుంది.

భర్త ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు. "మంచి పని చేస్తున్నారండీ," అన్నాడు సుధాకర్‌తో.

సుధాకర్‌కు మనుషుల ముఖాలు చదవడం వచ్చు. పంచాయతీ ఎన్నికల్లో గెలిచినవాడు, బీడు భూమిని బంగారమని నమ్మించినవాడు. ఒక్క క్షణం ఆలోచించాడు. గొంతు సవరించుకున్నాడు.

"మా కాలేజిల మొదటి సంది ఉన్నదండి. మా నాయిన పేరు మీద నడుపుతున్నం. పిల్లలకు మంచిగుంటే మనకు మంచిదే గద. ఎప్పటికీ ఉంటది."

ఆ చివరి మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు లక్ష్మీకాంతమ్మ చప్పట్లు కొట్టింది. ముందు శ్రీలేఖ అందుకుంది. తరువాత వరండా అంతా అందుకుంది. మల్లేశం కూడా చీపురు చంకలో పెట్టుకుని కొట్టాడు. సిద్దిరాములు అటూ ఇటూ చూసి, తానూ కొట్టాడు.

సుధాకర్ పెళ్ళాన్ని చూశాడు. కోపం ఉంది ఆ చూపులో. ఆ కోపంలోనే, ఎత్తుకు పైఎత్తు వేసిన మనిషిని మొదటిసారి గుర్తుపట్టిన ఆశ్చర్యం కూడా ఉంది.

"నలుగురి ముందట జెప్పిన్రు," అంది ఆమె, ఆయనకే వినబడేలా. "ఇగ యాది వెట్టుకోండ్రి."

ఆయన పార్టీలను వెంటబెట్టుకుని ఇంటికి బయల్దేరుతుండగా తలుపు తెరుచుకుంది. లిఖిత గొంతు వరండాలో పది రోజుల తరువాత వినబడింది.

"రేపు కూడా వస్తాను మేడమ్."

వెంకటేశ్వరరావు గబగబా లోపలికి వెళ్ళాడు. "ఏం చెప్పిందండీ మా అమ్మాయి?"

"అది నేను చెప్పకూడదండీ," అంది బాలాత్రిపురసుందరి.

"కన్నతండ్రినండీ నేను!"

"అందుకే, తననే అడగండి. చెప్పేదాకా ఓపిక పట్టండి."

ఆయన కూతురి వైపు తిరిగాడు. ఆ పిల్ల తలెత్తి సూటిగా చూస్తుంటే జేబులు తడుముకున్నాడు. ఆ రోజు సర్టిఫికెట్ల మాట మళ్ళీ ఎత్తలేదు.

*

ప్లాట్ల ఆఫీసు శామీర్‌పేట ఇంటి అరుగు మీదికొచ్చింది. బుచ్చవ్వకు మంచి కాలక్షేపం. వచ్చిన పార్టీలకు మంచినీళ్ళిచ్చి, "గా మూల ప్లాటు వద్దు బిడ్డా, వానకాలం నీళ్ళు నిలుస్తయ్," అని చెప్పి పంపేది. సుధాకర్ తల పట్టుకునేవాడు. పెళ్ళాంతో మాట్లాడటం లేదు గానీ, కాలేజీకి పోవద్దని మళ్ళీ అనలేదు.

కాలేజీలో లక్ష్మీకాంతమ్మ, శ్రీలేఖ క్లాసు క్లాసుకూ తిరిగి చెప్పారు. ఇది సీట్లిచ్చే కౌన్సిలింగ్ కాదని, పిచ్చికి మందిచ్చే గది కాదని. మొదట ఒకరు వచ్చారు, తోడు కోసం మరొకరు వచ్చారు. తరువాత తోడు లేకుండానే రావడం మొదలైంది. డీఎస్సీ పరీక్షంటే భయం ఉన్నవాళ్ళు, ఏ ఉద్యోగానికి వెళ్ళాలో తెలియనివాళ్ళు, పెళ్ళి ఇష్టం లేదని ఇంట్లో చెప్పలేనివాళ్ళు. బాలాత్రిపురసుందరి హాజరు పట్టీలు సిద్దిరాములు బల్ల మీద పెట్టేసి వచ్చింది. ఆయన వాటిని తీసి తన సొరుగులో పెట్టుకున్నాడు.

లిఖిత రోజూ వచ్చింది. ముందు మేడమ్ ఒక్కరికే పాఠం చెప్పింది. తరువాత ఇద్దరికి, తరువాత వరండాలో పదిమందికి.

ఫైనల్ లెసన్ మేడ్చల్ బడిలో, ఆనాడు పిల్లలు నవ్విన ఎనిమిదో తరగతిలోనే. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు వెనక బెంచీలో కూర్చున్నాడు. ఆ పక్క బెంచీలో లక్ష్మీకాంతమ్మ. కిటికీ బయట వెంకటేశ్వరరావు, శేషారత్నం.

ఆకు గురించి పాఠం. ముందుగా పిల్లలకు తలా ఒక ఆకు పంచింది లిఖిత. మొదట బాగానే సాగింది. బోర్డు మీద బొమ్మ వేసి ఇటు తిరిగేసరికి మూడో వరుసలో ఇద్దరు కిసుక్కున నవ్వారు.

లిఖిత మాట ఆగిపోయింది. పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు. లక్ష్మీకాంతమ్మ బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది. ఆనాడు ఇక్కడే ఆ పిల్ల పుస్తకం వదిలేసి తలుపు వైపు పరుగెత్తింది.

ఈసారి పరుగెత్తలేదు. సుద్దముక్క బల్ల మీద పెట్టింది. చెంబులో నీళ్ళు తాగింది. పొడిబారిన గొంతుతోనే పిల్లలతో అంది.

"నా గొంతు పట్టేసింది. ఒక్క నిమిషం ఆగండి. ఈలోపు మీకిచ్చిన ఆకులు నలిపి వాసన చూడండి. ఏ చెట్టువో మీరే నాకు చెప్పాలి."

"యాప టీచర్!" "కానుగ టీచర్!" "జామ! నాది జామాకు!" క్లాసంతా లేచి నిలబడింది. నవ్విన ఇద్దరూ అందరికంటే గట్టిగా అరుస్తున్నారు. ఆ గోలలో లిఖిత గొంతు ఎప్పుడు తిరిగొచ్చిందో ఎవరికీ తెలియలేదు. అది వచ్చింది, గంట కొట్టేదాకా ఆగలేదు.

పరీక్షకుడు కలం మూసి లేచాడు. "ఆగినచోట నిలబడ్డావు చూడమ్మా, అదే టీచరంటే," అన్నాడు.

లిఖిత పరుగెత్తుకొచ్చి లక్ష్మీకాంతమ్మను కౌగిలించుకుంది. "అక్కా, చెప్పేశాను! మొత్తం చెప్పేశాను!" ఇద్దరూ ఏడుస్తూ నవ్వుతుంటే ఎనిమిదో తరగతి పిల్లలు ఏమీ అర్థంకాకపోయినా చప్పట్లు కొట్టారు.

బడి గేటు దగ్గర వెంకటేశ్వరరావు అందరికీ చెరుకురసం తాగిస్తున్నాడు. "మా అమ్మాయి సాధిస్తుందని నాకు ముందే తెలుసండీ. నేనెప్పుడో చెప్పాను!" అని బండివాడికి కూడా చెప్తున్నాడు.

శేషారత్నం ఆ గ్లాసు అందుకోలేదు. లక్ష్మీకాంతమ్మ మోచెయ్యి పట్టుకుని గోడ పక్కకు తీసుకెళ్ళింది.

"మీ కాలేజీలో చదవనివాళ్ళు కూడా ఆ గదికి రావచ్చాండీ?"

"ఎవరి కోసం వదినా? మీ సుట్టాల పిల్లలెవరన్న ఉన్నరా?"

శేషారత్నం తల అడ్డంగా ఊపింది. గేటు దగ్గర పెద్దగా నవ్వుతున్న భర్తను చూసింది. చూపు తిప్పుకుని, పెదవి దాటని గొంతుతో అంది.

"నాకే."

లక్ష్మీకాంతమ్మ ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"రత్నం!" గేటు దగ్గర నుంచి వెంకటేశ్వరరావు కేకవేశాడు. "అక్కడేం చేస్తున్నావ్? రా ఇటు!"

శేషారత్నం కదల్లేదు.